పాలపన్ను వేసిన తువ్వాలు

నమస్కారం. "ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా, పుచ్చితే ఏమైంది?" అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. బాగా చదువుకున్నవారు కూడా అదే అంటున్నారు కాబట్టి ఈ వీడియో చేయక తప్పలేదు.

సంక్రాంతి రద్దీలో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి చేయి పెట్టి సీటు మీద తువ్వాలు వేస్తాము కదా. పాలపన్ను చేసేది సరిగ్గా ఆ పనే: దవడ ఎముకలో తయారవుతున్న శాశ్వత దంతం పైకి వచ్చేదాకా దాని చోటును అది కాపాడుతుంది. ముందు పళ్ళు 6, 7 ఏళ్ళకే ఊడినా, వెనుకనున్న పాలదంతాలు 10 నుంచి 12 ఏళ్ళ వయసు దాకా తువ్వాలు తీయకూడదు. అవి పుచ్చి ముందుగానే పోతే, 6 ఏళ్ళప్పుడు వాటి వెనుక మొలిచే శాశ్వత దవడపన్ను మెల్లగా ఆ ఖాళీలోకి జరుగుతుంది. అసలు ప్రయాణికుడు వచ్చేసరికి సీటు ఉండదు. వంకరగా నిలబడతాడు, లేదా చిగురు కిందనే ఇరుక్కుపోతాడు. (తువ్వాలు పోయాక కండక్టరుతో పోట్లాడి లాభం లేదని మనకు అనుభవమే.) అలా జరగకముందే వైద్యులు ఆ ఖాళీలో చిన్న లోహపు తీగను అమర్చి రెండో తువ్వాలు వేస్తారు, కానీ అది మొదటిదానికి సాటి రాదు.

పుచ్చు చాలా ఇళ్ళలో రాత్రి పాలసీసాతోనే మొదలవుతుంది. నిద్రలో లాలాజలం తగ్గడం వల్ల చక్కెర కలిపిన పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. కింది పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది కనుక అవి చాలావరకు తప్పించుకుంటాయి. బిడ్డను ఒడిలో పడుకోబెట్టుకొని, పై పెదవిని బొటనవేలితో ఎత్తి, వెలుతురులో చిగుళ్ళ అంచును చూడండి. అక్కడ సున్నం గీసినట్లు మెరుపు లేని తెల్లని చార కనిపించి, గుడ్డతో తుడిచినా పోకపోతే అది పాల మరక కాదు, పుచ్చుకు తొలి గుర్తు కావచ్చు. అది గోధుమరంగుకు తిరిగి గుంట పడకముందే చూపిస్తే, ఫ్లోరైడ్ పూతతో ఆపే అవకాశం ఉంటుంది.

సమయం మించిపోతోంది, మిగిలినవి గబగబా చెబుతాను. 6 నెలల ప్రాంతంలో తొలి పన్ను కనిపించిన రోజు నుంచే బ్రష్ పట్టండి. 3 ఏళ్ళ వరకు బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు, ఆపై బఠానీగింజంత. మొదటి పుట్టినరోజులోగా ఒకసారి దంతవైద్యుడికి చూపించండి. పళ్ళు వచ్చేటప్పుడు చొంగ, పేచీ సహజమే, 100.4 డిగ్రీల జ్వరాన్నీ నీళ్ళ విరేచనాలనూ మాత్రం పళ్ళ మీదికి నెట్టి ఇంట్లో కూర్చోకండి. చిగుళ్ళకు రాసే తిమ్మిరి జెల్ 2 ఏళ్ళలోపు వద్దు, ఏడాదిలోపు తేనె అసలే వద్దు. ఫ్రిజ్‌లో చల్లబరచిన శుభ్రమైన తడిగుడ్డను మీరు పట్టుకొని కొరకనివ్వండి, అది చాలు.