పీహెచ్‌పీలో అనానిమస్ ఫంక్షన్‌ను రిఫ్లెక్షన్ ద్వారా గుర్తించడం

(తెర మీద: ఈవెంట్ లిజనర్ల జాబితా. కొన్ని వరుసల్లో ఫంక్షన్ పేర్లు, మిగతా వాటిలో కర్లీ బ్రాకెట్ల మధ్య క్లోజర్ అనే మాట.)

వ్యాఖ్యానం: పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక అప్లికేషన్‌లో నమోదైన ఈవెంట్ లిజనర్లన్నింటినీ, అంటే ఏదైనా జరిగినప్పుడు పిలవడానికి పెట్టుకున్న ఫంక్షన్లన్నింటినీ, చూపించే సాధనాన్ని మీరు రాస్తున్నారనుకుందాం. లిజనర్ పేరున్న ఫంక్షన్ అయితే ఆ పేరు చూపితే చాలు, చదివేవారు దాన్ని వెతికి పట్టుకుంటారు. అనానిమస్ ఫంక్షన్, అంటే పేరు పెట్టకుండా రాసినది, అయితే అది ఏ ఫైలులో, ఏ లైను దగ్గర మొదలైందో చెప్పవలసి ఉంటుంది. అందువల్ల మన చేతికి వచ్చినది ఈ రెండింటిలో ఏదో ముందుగా తేల్చుకోవాలి.

వచ్చిన ఆబ్జెక్టు క్లోజర్ క్లాసుకు, అంటే అనానిమస్ ఫంక్షన్లకు పీహెచ్‌పీ వాడే క్లాసుకు, చెందినదా అని చూడడం చాలామందికి తట్టే మొదటి మార్గం. అది సరిపోదు. పీహెచ్‌పీ 7.1 నుంచి ఫ్రమ్ కాలబుల్ అనే మెథడ్‌తోనూ, 2021లో వచ్చిన 8.1 నుంచి ఫంక్షన్ పేరు తర్వాత బ్రాకెట్లలో మూడు చుక్కలు పెట్టడంతోనూ, పేరున్న ఏ ఫంక్షన్‌నైనా క్లోజర్ ఆబ్జెక్టుగా మార్చుకోవచ్చు. స్ట్రింగ్ పొడవును లెక్కించే ఫంక్షన్‌ను అలా మార్చినా దాని పేరు దానికే ఉంటుంది.

(తెర మీద: గెట్ నేమ్ మెథడ్ ఇచ్చిన ఫలితం.)

వ్యాఖ్యానం: అనానిమస్ ఫంక్షన్‌కు పీహెచ్‌పీ కర్లీ బ్రాకెట్ల మధ్య క్లోజర్ అనే మాటనే పేరుగా ఇచ్చేది. అందుకే ఎన్నో ఏళ్లపాటు లైబ్రరీలు రిఫ్లెక్షన్ ఫంక్షన్ నుంచి, అంటే నడుస్తున్న కోడ్ ఒక ఫంక్షన్ వివరాలను చూడడానికి ఉన్న క్లాసు నుంచి, పేరును తీసుకుని, అందులో ఆ మాట ఉందా అని చూసేవి. దీన్ని నేను తప్పుపట్టను. మనం పెట్టే ఫంక్షన్ పేర్లలో కర్లీ బ్రాకెట్‌కు చోటు లేదు కాబట్టి, ఆ గుర్తు పొరపాటున మరో ఫంక్షన్‌కు తగిలే ప్రమాదం లేదు. అయితే పేరు మొత్తం అదేనా అని పోల్చినవారు నేమ్‌స్పేస్ (పేర్లు కలిసిపోకుండా వాటి ముందు చేర్చే గుంపు పేరు) ఉన్న ఫైళ్లలో దెబ్బతిన్నారు, ఎందుకంటే అక్కడ ముందు నేమ్‌స్పేస్ వచ్చి చేరేది.

2024 నవంబరులో విడుదలైన 8.4 ఆ పేరు రూపాన్నే మార్చింది. ఇప్పుడు క్లోజర్ అనే మాట తర్వాత కోలన్, దాని వెనుక ఆ ఫంక్షన్‌ను రాసిన చోటు, లైను సంఖ్య వస్తాయి. మూసే బ్రాకెట్ ఆ చివరికి జరిగింది. ఎర్రర్ జాడలు చదివేవారికి ఇది నిజంగా మేలు చేసే మార్పు, కానీ రెండు బ్రాకెట్లతో కలిపి వెతికే పాత కోడ్‌కు ఇక ఏ ఫంక్షనూ అనానిమస్‌గా కనబడదు.

(తెర మీద: ఈజ్ అనానిమస్ మెథడ్‌ను పిలిచే ఒకే లైను.)

వ్యాఖ్యానం: సరైన జవాబు 2022 డిసెంబరులో 8.2తో వచ్చింది. రిఫ్లెక్షన్ ఫంక్షన్ క్లాసులో చేరిన ఈజ్ అనానిమస్ మెథడ్ పేరును చూడదు. పీహెచ్‌పీ ఇంజను ప్రతి ఫంక్షన్‌కూ కొన్ని ఫ్లాగులు, అంటే అవును-కాదు అని చెప్పే గుర్తులు, పెట్టుకుంటుంది. వాటిలో ఒకటి అది క్లోజర్ అని, మరొకటి అది పేరున్న ఫంక్షన్ నుంచి పుట్టిన నకిలీ క్లోజర్ అని చెబుతుంది. మొదటిది ఉండి రెండోది లేనప్పుడే ఈ మెథడ్ అవునంటుంది. అనానిమస్ ఫంక్షన్‌ను ఒక వేరియబుల్‌లో దాచినా జవాబు మారదు, వేరియబుల్ పేరు ఫంక్షన్‌కు అంటదు. జావాస్క్రిప్ట్‌లో మాత్రం 2015 ప్రమాణం నుంచి వేరియబుల్ పేరే ఫంక్షన్ నేమ్‌గా కనబడుతుంది, కాబట్టి అక్కడ అలవాటైన పరీక్షను ఇక్కడికి తేకండి.

మెథడ్ అవునన్నప్పుడు గెట్ ఫైల్ నేమ్, గెట్ స్టార్ట్ లైన్ మెథడ్‌లతో లేబుల్ తయారు చేయండి. కాదన్నప్పుడు గెట్ నేమ్ ఇచ్చిన పేరునే వాడండి. మీ లైబ్రరీ 8.1లోనూ పనిచేయవలసి ఉంటే, ముందు ఈ మెథడ్ ఉందో లేదో చూసి, లేనిచోట మాత్రమే పేరులో తెరిచే బ్రాకెట్‌తో మొదలయ్యే క్లోజర్ అనే మాటను వెతకండి. మూసే బ్రాకెట్‌ను ఆ పోలికలో చేర్చకండి.