ఒక్క బటన్ వెనక ఎంత పని?

అందరికీ నమస్కారం. కోడ్ రాయడం తెలియకుండా సాఫ్ట్‌వేర్ వ్యాపారం మొదలుపెట్టినవాళ్లే ఇక్కడ ఎక్కువమంది అని నిర్వాహకులు చెప్పారు. మీకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి రాలేదు, నేర్చుకోమని పోరడానికీ రాలేదు. ఒక బటన్ గురించి మాట్లాడతాను.

మీ యాప్‌లో ‘ఆర్డర్ రద్దు’ అనే బటన్ కావాలన్నారు. వారం పడుతుందన్నారు డెవలపర్. ఒక్క బటన్‌కి వారమా? పని రాదా, లేక సాగదీస్తున్నారా? ఆ అనుమానం రావడంలో తప్పు లేదు. ఎందుకంటే మీకు కనిపిస్తున్నది బటన్ ఒక్కటే.

బటన్ పెట్టడం నిజంగానే చిన్న పని. తెర మీద కనిపించేదంతా ఫ్రంట్ ఎండ్. వెబ్‌లో అయితే పేజీలో ఏమేం ఉండాలో హెచ్‌టీఎంఎల్, చూడటానికి ఎలా ఉండాలో సీఎస్ఎస్, నొక్కితే ఏం జరగాలో జావాస్క్రిప్ట్ చూసుకుంటాయి. రియాక్ట్ అనే పేరు తరచూ మీ చెవిన పడుతుంటుంది. అది 2013లో ఫేస్‌బుక్ అందరికీ అందుబాటులోకి తెచ్చిన జావాస్క్రిప్ట్ లైబ్రరీ. ఇలాంటి పేర్ల గురించి మీరు ఇంతకుమించి బెంగపడక్కర్లేదు.

బటన్ నొక్కగానే ఫోన్ నుంచి సర్వర్‌కి, అంటే మీ యాప్ పనులు నడిపించే ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కి, కబురు వెళుతుంది. అది ఏ రూపంలో వెళ్లాలి, జవాబు ఏ రూపంలో రావాలి అనే ఒప్పందమే ఏపీఐ. అసలు పని ఇక్కడి నుంచే. అడుగుతున్నది ఆ ఆర్డర్ పెట్టిన మనిషేనా? సరుకు ఇప్పటికే బయల్దేరిందా? బయల్దేరితే రద్దుకి ఒప్పుకుంటామా? డబ్బు మొత్తం వాపసు ఇస్తామా, డెలివరీ ఖర్చు పట్టుకుంటామా? వాడేసిన కూపన్ మళ్లీ చెల్లుతుందా? నెట్ మందగించి ఆ మనిషి విసుగుతో మూడుసార్లు నొక్కితే, మూడుసార్లు వాపసు పోకుండా ఆపేదెవరు? పేమెంట్ సంస్థ సర్వర్ సరిగ్గా అప్పుడే పలక్కపోతే? వీటన్నిటికీ జవాబు రాసి ఉండాల్సిన చోటు బ్యాక్ ఎండ్.

ఈ ప్రశ్నల్లో టెక్నాలజీకి సంబంధించినవి ఎన్ని? మహా అయితే రెండో మూడో. మిగతావన్నీ వ్యాపారం ప్రశ్నలు, మీరు తేల్చాల్సినవి. మీరు తేల్చకపోయినా పని ఆగదు. డెవలపర్ తనకు తోచింది రాసేస్తారు. ఆ తోచిందే మీ కంపెనీ రిఫండ్ పాలసీ అయి కూర్చుంటుంది. కొన్నాళ్లకు ఒక కస్టమర్ గొడవపడితే తప్ప అలాంటి పాలసీ ఒకటుందని కూడా మీకు తెలియదు.

ఇక డేటాబేస్, అంటే సమాచారమంతా దాచే చోటు. రద్దయిన ఆర్డర్‌ని చెరిపేయాలా, ‘రద్దు’ అని గుర్తుపెట్టి ఉంచాలా? చెరిపేస్తే నెలాఖరు లెక్కలు తేలవు, ఎవరు ఎందుకు వద్దనుకున్నారో ఎప్పటికీ తెలియదు. సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, వాటి మధ్య సంబంధాలు కలిపే పద్ధతిని 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించారు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ ఆ దారినే నడుస్తున్నాయి. తెర రంగు మార్చడం పూట పని. కానీ ఒక ఆర్డర్‌కి ఒకే చిరునామా అని పట్టిక కట్టేశాక, వేల ఆర్డర్లు వచ్చి పడ్డాక, ‘ఒకే ఆర్డర్‌ని రెండు చిరునామాలకు పంపుదాం’ అన్నారనుకోండి, పై నుంచి కింది దాకా అన్నీ కదలాలి. పాత ఆర్డర్లన్నీ కొత్త అమరికలోకి మారాలి, అదీ వ్యాపారం ఆగకుండా. అందుకే లోగో రంగు మీద మూడు మీటింగులు పెట్టే ఫౌండర్లు పట్టికలు గీసే రోజున కనిపించకపోతే నాకు ఆశ్చర్యం వేస్తుంది.

తెర, సర్వర్, డేటాబేస్ మూడూ చూసుకోగలిగినవారే ఫుల్ స్టాక్ డెవలపర్. మూడింటిలోనూ సమానమైన నేర్పు ఉన్నవాళ్లు అరుదు. ఇంటర్వ్యూలో ‘మీ చెయ్యి ఎటువైపు ఎక్కువ తిరిగింది?’ అని సూటిగా అడగండి. మొదటి వెర్షన్‌కి ఫుల్ స్టాక్ డెవలపర్ ఒక్కరు చాలు. పని ఆలస్యమైందని మధ్యలో నలుగురిని తెచ్చి కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని, ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. కొత్తవాళ్లకు పని అర్థమయ్యేలా చెప్పాల్సింది పాతవాళ్లే కదా.

ఒకరి మీదే ఆధారపడ్డప్పుడు తాళాలు మాత్రం మీ దగ్గరుండాలి. మీ వెబ్ చిరునామా అయిన డొమైన్, సర్వర్ అద్దెకు తీసుకున్న క్లౌడ్ అకౌంట్, కోడ్ ఉండే గిట్ రిపోజిటరీ, యాప్ స్టోర్ అకౌంట్ అన్నీ కంపెనీ పేరు మీదే ఉండాలి, డెవలపర్ సొంత ఈమెయిల్ మీద కాదు. ఇది అపనమ్మకం కాదు. రేపు వాళ్లు ఉద్యోగం మారినా మీ యాప్ నడవాలి.

చివరిగా బ్యాకప్. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లోనే ఫైళ్లు చెరిపేశారు. అది మామూలు కంపెనీ కాదు, డెవలపర్ల కోసమే పనిచేసే కంపెనీ. బ్యాకప్ ఏర్పాట్లు ఒకటికి ఐదున్నాయి. తీరా చూస్తే నమ్మదగ్గట్టు పనిచేస్తున్నది లేదు. దాదాపు ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికింది కాబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. జరిగిందంతా వాళ్లే బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి. ‘బ్యాకప్ ఉందా?’ అని అడిగితే ఎవరైనా ఉందనే అంటారు. మీరు అడగాల్సింది, ఆ బ్యాకప్ నుంచి డేటాని తిరిగి ఎక్కించి చూసింది ఎప్పుడని. జవాబు రాకపోతే వచ్చే వారం కొత్త ఫీచర్ ఆపించి, ముందు ఆ పని చేయించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.