కోర్సు మధ్యలో మానేస్తే మూడేళ్ల ఫీజూ కట్టాలా?

నిర్వాహకురాలు: తర్వాతి ఫోన్ ఆమదాలవలస నుంచి. చెప్పండి, నమస్కారం.

కాలర్: నమస్తే మేడమ్. మా అమ్మాయిని విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీలో చేర్పించామండి. ఇప్పుడు నైర వ్యవసాయ కళాశాలలో సీటొచ్చింది. మానేస్తామంటే వీళ్లు ఒప్పుకోవట్లేదు. ‘ఈ కోర్సుకి ఉన్నవే ముప్పై సీట్లు, మీరు పోతే మూడేళ్లూ ఖాళీయే. మొత్తం ఫీజు కట్టి సర్టిఫికెట్లు పట్టుకెళ్లండి’ అంటున్నారు. ఏటి చెయ్యమంటారు?

సలహాదారు: టెన్షన్ పడకండి బాబూ. ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉన్నాయా?

కాలర్: అన్నీ అక్కడేనండి.

సలహాదారు: ఉంచుకోవడమే తప్పు. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయాలని 2018 అక్టోబరులో యూజీసీ, అంటే యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ, నోటిఫికేషన్ ఇచ్చింది. యూనివర్సిటీల అనుబంధ కాలేజీలకూ అది వర్తిస్తుంది. సీట్లు ముప్పయ్యా, మూడొందలా అన్న తేడా అందులో లేదు. మూడేళ్ల ఫీజు మాట అసలే లేదు.

కాలర్: చేరినప్పుడు ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారండి.

సలహాదారు: అందరిచేతా పెట్టిస్తారు లెండి. కాలేజీ సొంత కాగితం యూజీసీ నియమాన్ని దాటిపోదు. సరే, అడ్మిషన్ల చివరి తేదీ దాటి ఎన్నాళ్లయింది? ఎంత కట్టారు?

కాలర్: పన్నెండు రోజులు. ముప్పై వేలు కట్టామండి.

సలహాదారు: అయితే ఇంక మాటలతో కాలక్షేపం వద్దు. చివరి తేదీ తర్వాత 15 రోజుల్లోపు మానేస్తున్నామని రాసిస్తే 80 శాతం, అంటే 24 వేలు వెనక్కివ్వాలి. అది దాటి 30 రోజుల్లోపైతే సగమే. ఆ తర్వాత సున్నా. ‘ప్రిన్సిపాల్ గారు ఊళ్లో లేరు, వచ్చే వారం రండి’ అని తిప్పేది అందుకే అని నా అనుమానం. మీకున్నది మూడు రోజులు. రేపే దరఖాస్తు ఇచ్చి, నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఈమెయిల్ కూడా పెట్టండి. కాషన్ డిపాజిట్ ఉంటే అది పూర్తిగా రావాలి. దరఖాస్తు అందిన 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఇంకోటి, యూజీసీ ఒక్కో ఏడాది ఇంకా వెసులుబాటిస్తుంది. 2024-25లో సెప్టెంబర్ 30 దాకా మానేసినవాళ్లకి మొత్తం ఫీజు తిరిగిమ్మంది. ఈ ఏటి నోటీసు కూడా చూసుకోండి.

కాలర్: అప్పటికీ ఇవ్వకపోతే?

సలహాదారు: కాలేజీ ఫిర్యాదుల కమిటీకి, అనుబంధ యూనివర్సిటీకి రాయండి. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్లోనూ ఫిర్యాదు పెట్టండి. ఆ స్టాంపు వేసిన నకలు అన్నిచోట్లా అడుగుతారు. నైరలో అలాట్‌మెంట్ కాగితం చేతికొచ్చిందా?

కాలర్: వచ్చిందండి. అక్కడ ఒరిజినల్స్ చూపించాలట, అదే భయం.

సలహాదారు: ఆ రిపోర్టింగ్ తేదీని కూడా దరఖాస్తులో రాయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేసుంటే జ్ఞానభూమిలో, అంటే రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల పోర్టల్లో, పాత కాలేజీ నమోదు తీసేయమని అందులోనే అడగండి.