బిళ్ళ గన్నేరు నుంచి లుకేమియా మందు దాకా

శ్రోతలకు నమస్కారం.

బిళ్ళ గన్నేరు మీ అందరికీ తెలిసిన మొక్కే. ఎవరూ నీళ్ళు పోయకపోయినా పెరట్లో, గోడ పక్కన ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. చాలా దేశాల్లో దీని ఆకు కషాయం షుగర్ జబ్బుకు తాగేవారు.

1952లో జమైకా నుంచి ఒక రోగి ఈ ఆకులను కెనడాలో ఉన్న తన డాక్టరు క్లార్క్ నోబుల్‌కు పంపారు. ఆయన వాటిని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చారు. ఆకుల సారం ఎలుకలకు తాగిస్తే షుగర్ తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే మాత్రం కొద్ది రోజుల్లోనే ఇన్ఫెక్షన్లు సోకి చనిపోయాయి. చూస్తే, వాటి తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి.

రాబర్ట్ నోబుల్ అక్కడే ఆగి ఆలోచించారు. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో అదుపు తప్పి పెరిగేది తెల్లకణాలే కదా! ఆయన, శాస్త్రవేత్త చార్లెస్ బీర్ కలిసి ఆ ఆకుల నుంచి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని విడదీశారు. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీలో గోర్డన్ స్వొబోడా బృందం కూడా ఇదే మొక్క మీద పనిచేస్తోంది. వాళ్ళు ఈ మొక్క నుంచే తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందుకు 1963లో అమెరికాలో అనుమతి దొరికింది. పిల్లల లుకేమియా చికిత్సలో నేటికీ అది ముఖ్యమైన మందు.

కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగడానికి లోపల అతి సన్నని గొట్టాలు ఏర్పడతాయి. విన్‌క్రిస్టిన్ వాటిని ఏర్పడనివ్వదు. కణం సగం చీలికలో చిక్కుకుని చనిపోతుంది. మన నరాలకు కూడా ఆ గొట్టాలు కావాలి. అందుకే ఈ మందు తీసుకునేవాళ్ళకు చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకం వస్తుంది. దీన్ని రక్తనాళంలోకే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణమే పోతుంది.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు మాట. “బిళ్ళ గన్నేరు క్యాన్సర్‌ను తగ్గిస్తుంది, రోజూ పరగడుపున ఆకు రసం తాగండి” అని వాట్సాప్‌లో సందేశాలు తిరుగుతున్నాయి. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. పెద్దవాళ్ళకు ఒక విడతకు ఇచ్చేది సాధారణంగా 2 మిల్లీగ్రాములకు మించదు. అంటే ఒక్క డోసుకు దాదాపు కిలో ఎండుటాకు. గుప్పెడు ఆకులు నూరితే అందులో ఎంత మందు ఉంటుంది? పైగా ఆ ఆకులో ఆల్కలాయిడ్లు అనే, ఒంటి మీద పనిచేసే రసాయనాలు ఇంకా వందకు పైగా ఉన్నాయి. ఏది ఎంత ఒంట్లోకి పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి. లుకేమియా ఒక్క మందుకు లొంగే జబ్బు కాదు. విన్‌క్రిస్టిన్‌కు స్టెరాయిడ్లు, ఇంకొన్ని మందులు జతచేసి నెలల తరబడి, కొందరికి రెండేళ్ళకు పైగా ఇస్తారు. అలా ఇచ్చినందువల్లే, వసతులున్న ఆసుపత్రుల్లో పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా నుంచి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటపడుతున్నారు. మధ్యలో చికిత్స మానేసి ఆకు రసం మీద ఆధారపడితే ఆ అవకాశాన్ని చేతులారా వదులుకున్నట్టే.

బిడ్డకు జ్వరం తగ్గకుండా ఉన్నా, పాలిపోయినా, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లటి మచ్చలు వస్తున్నా, చిగుళ్ళలో రక్తం కారుతున్నా వెంటనే డాక్టరుకు చూపించి రక్త పరీక్ష చేయించండి. ఇప్పటికే ఏదైనా ఆకు మందు తాగిస్తూ ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. దాన్నిబట్టి వాళ్ళు మందుల విషయంలో జాగ్రత్త పడతారు.