పుట్టకు పాలు, జెర్రిపోతుకు కర్ర

అందరికీ నమస్కారం. దివిసీమ రైతులకు పాముల గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. వానలు పడి ఊడ్పులు మొదలయ్యాయంటే ఇక్కడి ఆసుపత్రులకు పాముకాటు కేసులు రావడం మీరు ఏటా చూస్తున్నదే. 2018 ఆగస్టులో కాట్లు మరీ ఎక్కువైతే మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. కాబట్టి మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువగా నష్టపోయిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

అయితే ఆ చావుల్లో ఎక్కువ భాగం నాలుగు రకాల పాముల వల్లే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. దేశంలో పాములు 300 రకాలకు పైగా ఉన్నాయి. దొడ్లో, కల్లంలో, మోటారు షెడ్డు దగ్గర కనబడి మన చేతిలో చచ్చేవాటిలో చాలా మటుకు ఈ నాలుగూ కావు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి పెట్టి దణ్ణం పెడతాం. పాము పాలు తాగదు, అది వేరే సంగతి. విషమున్నదానికి దణ్ణం పెట్టి, విషం చుక్క లేని జెర్రిపోతు కనబడగానే కర్ర కోసం వెతుకుతాం.

జెర్రిపోతును ఎప్పుడైనా నిదానంగా చూశారా? ఆరేడు అడుగులుంటుంది. పెద్ద గుండ్రటి కళ్ళు. పెదవుల మీద నిలువుగా సన్నటి నల్లగీతలు, సూదితో కుట్లు వేసినట్టుగా. తోక వైపు నల్లటి అడ్డపట్టీలు. పట్టపగలే తిరుగుతుంది, అందుకే ఎక్కువగా మన కంట్లో పడుతుంది. పారిపోయే దారి లేకపోతే మెడ ఉబ్బించి గుర్రుమంటుంది. అది చూసి త్రాచనుకుంటాం. ఎలుకను పట్టడంలో దాని పద్ధతి దానిది. కాటేసి చంపడానికి విషం లేదు, కొండచిలువలా చుట్టి బిగించడం రాదు. నోటితో కరిచిపట్టి, ఒంటి బరువుతో నేలకో గోడకో అదిమేసి మింగుతుంది.

దీని మీద ఉన్నన్ని అభాండాలు ఇంకే పాము మీదా లేవేమో. తోకతో కొడితే చెయ్యి చచ్చుబడిపోతుందంటారు. గేదె కాళ్ళకు చుట్టుకుని పాలు తాగుతుందంటారు. రెండూ అబద్ధాలే. నాగుపాముతో జత కడుతుందన్నది ఇంకొకటి. మీరు పొలం గట్టున చూసిన ఆ సయ్యాట నిజానికి సయ్యాట కాదు, రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ఒకదాని తలను ఒకటి కిందికి నొక్కాలని చూస్తాయి, ఓడింది వెళ్ళిపోతుంది. మనవాళ్ళు వాటిమీద కొత్త బట్ట కప్పి అదృష్టం కోసం ఇంటికి తెచ్చుకుంటారు! కప్పుకోండి, నాకేం అభ్యంతరం లేదు, కొట్టకుండా ఉంటే చాలు.

ఎందుకంటే లెక్క మీకే బాగా తెలుసు. వరి పొట్ట దశలో ఎలుకలు పడితే పట్టేవాళ్ళను పిలిచి, బుట్టలు పెట్టించి, ఎలుకకు ఇంతని డబ్బులిస్తాం. అదే పని జెర్రిపోతు కూలి అడగకుండా, బొరియలోకి తలదూర్చి మరీ చేస్తుంది. దానికి మనమిచ్చే బహుమతి ఏమిటో మళ్ళీ చెప్పక్కర్లేదు.

నీరుకట్టె సంగతి కొంచెం వేరు. ఒంటి మీద చదరంగం గళ్ళు, కాలవల్లో, చెరువుల్లో ఉంటుంది, కప్పలను, చేపలను తింటుంది. పట్టుకుంటే వెంటనే కరుస్తుంది, నెత్తురొస్తుంది, విషం మాత్రం లేదు. చేపల చెరువున్న రైతుకు దీనిమీద కోపముంటే నేను అర్థం చేసుకోగలను. రెండు తలల పాము కోట్లు పలుకుతుందని మీకెవరైనా ఫోన్ చేస్తే మాత్రం పెట్టేయండి. అది తోక మొద్దుగా ఉండే మామూలు పాము. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పట్టినా, అమ్మినా జైలే.

ఈ బల్ల మీద కాలేజీ ల్యాబు నుంచి తెచ్చిన రెండు సీసాలున్నాయి. రెండిటిలోనూ నల్లటి ఒంటి మీద తెల్లపట్టీలున్న పాములే. ఒకటి కట్లపాము. ఇంకొకటి బల్లుల కోసం గోడలెక్కి ఇళ్ళల్లోకి వచ్చే తోడేలు పాము, దానికి విషం లేదు. కట్లపాముకు పట్టీలు మెడ దగ్గర సరిగా ఉండవు, తోక వైపు స్పష్టంగా, చాలావరకు జంటలుగా ఉంటాయి. వెన్ను మీద పెద్ద పొలుసుల వరస ఒకటుంటుంది. తోడేలు పాముకు తలవైపే పట్టీలు స్పష్టం, తోక వైపుకు మాసిపోతాయి. వెలుతురులో, సీసాలో ఉంటేనే ఇంత తేడా. రాత్రి కరెంటు పోయినప్పుడు, టెన్షన్‌లో పొలుసులు లెక్కపెట్టే పని పెట్టుకోవద్దు. తెలియకపోతే విషపాము కిందే లెక్కేసి దూరంగా ఉండండి. దూరంగా ఉండడానికి కర్ర అక్కర్లేదు కదా.

ఇంట్లోకి వస్తే పిల్లల్ని, పశువుల్ని పక్కకు పంపి, బయటి తలుపు తెరిచి, మిగతా గదుల తలుపులు మూసేయండి. ఒకరు దూరం నుంచి కనిపెట్టి ఉండండి, ఇంకొకరు పాములు పట్టేవాళ్ళకో అటవీశాఖకో ఫోన్ చేయండి. కిరసనాయిలు, ఫినాయిలు చల్లొద్దు. రాత్రిళ్ళు నేలమీద పడుకునేవాళ్ళు దోమతెర కట్టి అంచులు చాప కిందికి దోపుకోండి, కట్లపాము విషయంలో ఇంతకంటే మంచి జాగ్రత్త లేదు. కట్టెల మోపు, కొబ్బరి డొక్కలు గోడకు ఆనించి పెట్టకండి. గింజలు చెల్లాచెదురుగా ఉంటే ఎలుక వస్తుంది, దాని వెనకే పాము.

చెరువుల చుట్టూ కట్టే నైలాన్ వలలు కూడా పాములకు ఉరితాళ్ళే. జెర్రిపోతు తల దూరుతుంది, నడుము దూరదు. వెనక్కి లాగితే దారం పొలుసుల కిందికి కోసుకుపోతుంది. రెండు రోజులకు వాసన వచ్చాక గాని మనకు తెలియదు. పని అయిపోయిన వలను చుట్టి లోపల పెట్టండి.

చివరిగా కాటు గురించి. ఏ పాము కరిచినా, విషం లేనిదని మీకు నమ్మకమున్నా ఆసుపత్రికి వెళ్ళండి. 108కి ఫోన్ చేయండి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి. తాడుతో బిగించడం, బ్లేడుతో కోయడం, నాటుమందు, మంత్రం ఏవీ వద్దు. డాక్టరు మీ రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా లేదా చూస్తారు. ఊరికే కూర్చోబెట్టారని గొడవ పడకండి, పింజర విషం రక్తానికి ఎక్కిందో లేదో చూసే పరీక్ష అది. పామును చంపి సంచిలో వేసుకుని తీసుకెళ్ళక్కర్లేదు. దూరం నుంచి ఫోన్లో ఫోటో తీయగలిగితే తీయండి, లేకపోతే లేదు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. సీసాలు దగ్గరికొచ్చి చూడొచ్చు, పిల్లలు మాత్రం మూతలు తీయకండి, లోపల ఫార్మాలిన్ ఉంది, పాములు కుళ్ళకుండా పోసే ఘాటైన విషపు మందు అది.