వీధి పిల్లుల్ని పట్టుకుపోయినా ఎందుకు తగ్గవు?

[దృశ్యం: చేపల మార్కెట్ వెనక గోడ. పారేసిన తలకాయల దగ్గర పిల్లులు.]

తిరుపతిలో ఏ మెస్సు వెనక సందులోకి తొంగిచూసినా పిల్లులే. విసుగొచ్చి ఎవరో గోనెసంచిలో వేసి ఊరవతల వదిలొస్తారు. కొన్నాళ్లకు చూస్తే మళ్లీ పిల్లులు. పాతవి కాదు, వేరేవి.

ఎందుకంటే తిండి అక్కడే ఉంది. ఎంగిలి పడుతున్నంత కాలం ఖాళీ అయిన చోటుకి పక్క వీధి పిల్లి వస్తుంది, అదీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని పిల్లి. ఆటో ఖర్చు దండగ.

[దృశ్యం: అలిపిరి వైపు రోడ్డు, వెనక శేషాచలం.]

"కొండ కింద వదిలితే ఎలకల్ని తిని బతుకుతుందిలే సామీ" అంటుంటారు. ఎంగిలికి అలవాటుపడ్డ పిల్లి కొత్త చోట ఆకలికో, కుక్కలకో బలైపోతుంది. బతికితే ఇంకో చిక్కు. ఆ కొండల్లో బంగారు బల్లి లాంటి అరుదైన జీవాలున్నాయి. పిల్లికి బంగారు బల్లైనా బల్లే!

ఇప్పుడు లెక్క. ఆడ పిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. రెండు నెలలు మోసి ఈనుతుంది. ఈతకి మూడు నాలుగు కూనలు మామూలే. కూనలు పాలు తాగుతుండగానే మళ్లీ కడుపుతో ఉండొచ్చు. వీధిలో ఒక్క గండుపిల్లి మిగిలినా ఇదంతా జరిగిపోతుంది కాబట్టి, చేతిలో డబ్బు తక్కువుంటే ముందు ఆడవాటికి ఆపరేషన్ చేయించండి. గండుపిల్లికి చేయిస్తే అర్ధరాత్రి అరుపులు, కొట్లాటలు, గోడల మీద కంపు చాలావరకు తగ్గుతాయి.

[దృశ్యం: బోను దగ్గరగా. లోపలి చివర ఎండు చేప.]

పట్టడమే అసలు పని. కొన్నాళ్లు రోజూ ఒకే వేళకి, ఒకే చోట తిండి పెట్టండి. తర్వాత ఆ తిండిని తలుపు పడకుండా తెరిచి కట్టేసిన బోనులో పెట్టండి, భయం పోతుంది. పట్టే రోజు తలుపు కట్టు విప్పి, వాసనొచ్చే ఎండు చేపని లోపలి చివర పెట్టండి. తలుపు పడగానే బోను మీద పాత దుప్పటి కప్పాలి. లోపల చీకటైతే పిల్లి గింజుకోవడం ఆపుతుంది. చేత్తో మాత్రం పట్టుకోవద్దు.

ఆపరేషన్ తేదీ ముందే ఖాయం చేసుకోండి. బోనులో పిల్లిని పెట్టుకుని డాక్టర్ కోసం వెతకడం నరకం. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, మొదట అక్కడ అడగండి. ఎన్ని గంటలు తిండి మాన్పించాలో వాళ్లే చెప్తారు. కూనలకి ఎక్కువసేపు పస్తు పెట్టకూడదు. అదే రోజు రేబిస్ టీకా కూడా వేయించండి.

[దృశ్యం: చెవి కొస కత్తిరించిన పిల్లి.]

మత్తులో ఉండగానే చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. అది చూస్తే దీనికి అయిపోయిందని దూరం నుంచే తెలుస్తుంది, మళ్లీ ఆపరేషన్‌కి పట్టుకెళ్లరు. పూర్తిగా తేరుకున్నాక పట్టిన చోటే వదలాలి. ఆడదాన్ని ఒకట్రెండు రోజులు ఎక్కువ ఉంచుకోండి, కుట్లు చూసుకోవాలి.

కూనలు ఒంటరిగా కనిపించగానే ఎత్తుకెళ్లకండి. తల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఒక్కోదాన్నే నోట కరుచుకుని మోస్తూ ఉండొచ్చు. దూరంగా నిలబడి కాసేపు చూడండి.

జ్వరంగా ఉందని పారాసిటమాల్ వేయొద్దు, పిల్లికి అది విషం. ఎలకల మందు పెట్టి చంపడం నేరం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఎదురొస్తే అపశకునం అనేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర సెక్షన్ లేదు.

పట్టేటప్పుడు గీరినా, కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కారే నీళ్ల కింద కడిగి, అదే రోజు ఆస్పత్రికెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి. పసుపు, సున్నం పూయకండి.