రెండు అంటే ఎన్ని పూతరేకులు?

సభకు నమస్కారమండి. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్ళీ చదివి మీ టైము తినను. నాకిచ్చిన అంశం ‘హోటల్ ఆర్డర్లలో ఏఐ’. అదంతా చెప్పలేను. అందులో ఎవరూ పట్టించుకోని ఒక్క ముక్క గురించే మాట్లాడతాను. ఆర్డర్లు తీసుకునే సాఫ్ట్‌వేర్‌కి మనం రాసిపెట్టే వివరణ.

ఇన్నాళ్ళూ దాన్ని చదివేది ఇంకో ప్రోగ్రామరు. అర్థం కాకపోతే ఫోన్ చేసి అడిగేవాడు. ఇప్పుడు చదివేది ఏజెంటు, అంటే కస్టమరు మాట విని తనే ఆర్డర్ పెట్టే ఏఐ ప్రోగ్రాము. ఏజెంట్లను బయటి సాఫ్ట్‌వేర్‌తో కలిపే ఒక ఉమ్మడి పద్ధతిని, మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనేదాన్ని, 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ వాళ్ళు విడుదల చేశారు. మెనూ చూపడం, ఆర్డర్ పెట్టడం లాంటి ఒక్కో పనికి ఏజెంటు పిలిచేదాన్ని టూల్ అంటారు. ఆ పద్ధతిలో ప్రతి టూల్‌కీ ఒక పేరు, ఒక వివరణ, ఏయే విలువలు ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. మీ టూల్‌ని ఎలా వాడాలో ఏజెంటుకు తెలిసేది ఆ మూడింట్లో రాసినంతే. అక్కడేమో ‘ఆర్డర్ పెడుతుంది’ అని రెండు మాటలు రాసి వదిలేస్తున్నారు. నా బాధంతా అదేనండి.

ఆత్రేయపురం పూతరేకులే తీసుకోండి. కస్టమరు "రెండు పూతరేకులు పంపండి" అన్నాడు. మెనూలో ఉన్నది పదేసి ఉండే బాక్సు. ఏజెంటు ‘క్వాంటిటీ’ దగ్గర 2 వేస్తుంది, ఇంటికి ఇరవై వస్తాయి. ఇలా రాసుంటే రావు: "క్వాంటిటీ అంటే ఎన్ని యూనిట్లు అని, ఎన్ని ముక్కలు అని కాదు. యూనిట్‌కి ఎన్ని ముక్కలో మెనూ టూల్ ఇచ్చే ‘యూనిట్’ ఫీల్డులో చూడాలి. 1 నుంచి 20 వరకు పూర్ణాంకం. కస్టమరు ముక్కల్లో అడిగితే బాక్సుల లెక్క చెప్పి, సరే అన్నాకే పంపాలి." నాలుగే వాక్యాలు.

ధరలకూ ఇదే తంతు. పైసల్లో లెక్క తీసుకునే పేమెంటు గేట్‌వేలున్నాయి, వాటికి 45000 అంటే 450 రూపాయలు. ఫీల్డు పేరే ‘ధర_పైసల్లో’ అని పెట్టేయండి. టైము పక్కన మన దేశపు టైమని చెప్పే +05:30 లేక, సర్వరు దాన్ని యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుందంటే, పన్నెండున్నర భోజనం సాయంత్రం ఆరింటికి వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం జీడిపప్పుతో. ‘అలర్జీ పదార్థాలు’ అనే జాబితా ఖాళీగా ఉంది. అవేవీ లేవనా, ఎవరూ నింపలేదనా? ఏజెంటు "ఏమీ లేవండి" అని చెప్పేస్తుంది. జీడిపప్పు పడని పిల్లాడు డ్రైఫ్రూట్ పూతరేకు తింటాడు. నింపనిచోట ‘తెలియదు’ అని రావాలి. ‘తెలియదు’ అని వస్తే కస్టమరుకు ఆ మాటే చెప్పాలని వివరణలో ఉండాలి. ఇక్కడున్న హోటల్ యజమానులకు దణ్ణం పెట్టి చెబుతున్నాను, ఆ గడి ఖాళీగా వదలకండి.

ఇక రెండుసార్లు పడే ఆర్డర్లు. వానకు నెట్ పోయింది. ఆర్డర్ వంటింటికి చేరింది, జవాబు మాత్రం వెనక్కి రాలేదు. ఏజెంటు పని కాలేదనుకుని మళ్ళీ పంపుతుంది. రెండు క్యారేజీలు, రెండు బిల్లులు. దీనికి మందు ఒక్కో ఆర్డర్‌కి ఒక్కో తాళం సంఖ్య. అదే సంఖ్యతో మళ్ళీ వస్తే సర్వరు కొత్తది పెట్టకుండా పాత ఆర్డర్ నంబరే ఇవ్వాలి. సంఖ్య అదే ఉండి ఐటెములు మారితే తిప్పి పంపాలి. ఇది చాలామంది కడుతున్నారు, వివరణలో రాయడం మానేస్తున్నారు. "జవాబు రాకపోతే అదే సంఖ్యతో పంపు, ఆర్డర్ మారితేనే కొత్త సంఖ్య" అని రాయకపోతే ఏజెంటు ప్రతిసారీ కొత్తది పుట్టిస్తుంది. కట్టిందంతా వృథా. మళ్ళీ చెబుతున్నాను, రాయకపోతే కట్టనట్టే.

డబ్బు కదిలే టూల్‌ని ధర చెప్పే టూల్‌తో కలపొద్దు. ధర టూల్ ఇచ్చిన కోట్ నంబరు, అంటే చెప్పిన ధరకు గుర్తుగా ఇచ్చే నంబరు, లేనిదే ఆర్డర్ టూల్ కదలకూడదు. ‘ఇది చదవడానికి మాత్రమే, ఏదీ మార్చదు’ అని ప్రోటోకాల్‌లో గుర్తులు పెట్టొచ్చు గానీ అవి సూచనలే. కాపలా సర్వరులోనే ఉండాలి.

తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం కూడా వివరణలో భాగమేనండి. ‘ఎర్రర్ 400’ అని, పంపింది తప్పు అనే అంకె ఒక్కటే వస్తే ఏజెంటు ఏం చేస్తుంది? తోచింది చేస్తుంది. పుస్తెలమ్మయినా పులస తినమన్న గడ్డ ఇది. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస, వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాకే పులస. పులస లేదని ఏజెంటు విలస పులుసు పంపితే ఆ హోటల్ గుమ్మం మళ్ళీ తొక్కుతారా? సందేశం ఇలా ఉండాలి: "పులస పులుసు ఈ పూట లేదు. ఆర్డర్ పెట్టలేదు, డబ్బు తీసుకోలేదు. కస్టమరును అడగకుండా ఇంకోటి మార్చొద్దు. ఉన్నవాటి కోసం మెనూ టూల్‌ని మళ్ళీ పిలువు."

డెలివరీ ఊళ్ళ జాబితాను వివరణలో అచ్చేయకండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరద ఎక్కి పడవలు ఆపేస్తే నిన్న వెళ్ళిన లంకకు, అంటే నది మధ్య ఊరికి, ఇవాళ వెళ్ళలేం. "ప్రతి ఆర్డర్‌కీ ముందు డెలివరీ టూల్‌ని అడుగు, పాత జవాబు వాడొద్దు" అని రాయండి. లంక ఊళ్ళకు రేవు పేరు తప్పనిసరి చేయండి, పిన్‌కోడ్ ఒక్కటీ చాలదు.

రాశాక పరీక్షించండి. కౌంటర్లో ఫోన్లు ఎత్తేవాళ్ళ పక్కన ఒక పూట కూర్చుని, జనం అడిగే మాటలు ఓ ఇరవై ఉన్నవున్నట్టు రాసుకోండి. "రెండు క్యారేజీలండి, ఒకదాంట్లో ఉల్లి వద్దు", "నిన్నటిదే పంపించండి", "కాజాలు అరకేజీ, గొట్టంవే". డబ్బు కదలని పరీక్ష సర్వరు పెట్టి, ఒక్కొక్కటీ ఏజెంటుకిచ్చి అది ఏ టూల్‌ని ఏ విలువలతో పిలిచిందో చూడండి. తప్పితే ముందు వివరణలో వాక్యం మార్చండి, ఇరవై మళ్ళీ నడపండి. ‘నిన్నటిదే’ దగ్గర దాదాపు అందరిదీ తప్పుతుంది. పాత ఆర్డర్లు చూపించే టూల్ ఉందని ఎక్కడా రాసి ఉండరు.